మరవ లేని చెరువు: మృత సముద్రపు ఉప్పు, దాని వింతలు, దాని వైద్యం

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో వానలు పడ్డాయంటే చెరువు గురించి అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: మరవ పారిందా? కోస్తాలోనూ తెలంగాణలోనూ అలుగు అనే దానినే ఇక్కడ మరవ అంటారు. చెరువు నిండాక మిగులు నీరు కట్టను తెంచకుండా బయటికి పోవడానికి రాతితో కట్టిన దారి అది. కట్టను కాపాడటం దాని పని అని అందరికీ తెలుసు. అది చేసే మరో పని మాత్రం కంటికి కనిపించదు. వాగులు కొండల మీది నుంచీ చేలలో నుంచీ కరిగించి తెచ్చిన లవణాలను కూడా ఆ మిగులు నీరే తనతో తీసుకుపోతుంది. మరవా తూమూ రెండూ లేని చెరువును ఊహించుకుంటే, అందులోకి వచ్చిన నీరంతా ఎండకు ఆవిరైపోతుంది, నీరు తెచ్చిన ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఏడాదికి చేరేది కొంచెమే అయినా వేల ఏళ్ళ మీద అది కొండంత అవుతుంది. జోర్డాన్, ఇజ్రాయెల్, వెస్ట్ బ్యాంక్‌ల నడుమ ఉన్న మృత సముద్రం అటువంటి చెరువే. పేరులో సముద్రం ఉన్నా అది నాలుగు వైపులా నేల చుట్టుకున్న సరస్సు. దాని వింతలూ, దాని నీటికి వైద్యంలో వచ్చిన పేరూ, ఇవాళ దానికి పట్టిన గతీ అన్నీ నీరు బయటికి పోయే దారి లేకపోవడం దగ్గరే మొదలవుతాయి.

జోర్డాన్ నది వెంట దిగువకు వస్తే ఈ సంగతి తేటగా తెలుస్తుంది. నది మొదట గలిలీ సరస్సులో చేరుతుంది. ఆ సరస్సు దక్షిణపు కొసన నీరు మళ్ళీ బయటికి పోతుంది కాబట్టి అక్కడిది మంచినీరు. అందులో చేపలు పడతారు, ఆ నీరు తాగుతారు, పంటలకు పెడతారు. అదే నది అక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్ల దిగువన మృత సముద్రంలో కలుస్తుంది. అందులో చేప బతకదు. నదిలో కొట్టుకొచ్చినవి ముఖద్వారం దగ్గరే చచ్చిపోతాయి. నది ఒకటే, నీరూ ఒకటే. ఒక సరస్సుకు మరవ ఉంది, రెండో దానికి లేదు.

మరవ ఉండటానికి వీలు కూడా లేదు, ఎందుకంటే భూమి మీద ఆరుబయట అంతకంటే పల్లమైన నేల మరెక్కడా లేదు. మృత సముద్రం నీటిమట్టం సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంది, దాని అడుగు మరో 300 మీటర్ల లోతున ఉంది. భూమి పైపొర విడివిడి ముక్కల్లో ఒకటైన అరేబియా భూఫలకం పక్కనున్న ఫలకాన్ని రాసుకుంటూ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఉండటం వల్ల ఏర్పడిన పగులు లోయలో నేల కుంగి, ఈ గుంత తయారైంది. చుట్టూ ఎడారి. కరువుకు మారుపేరుగా చెప్పే అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, మృత సముద్రం ఒడ్డున 50 నుంచి 100 మిల్లీమీటర్లకు మించదు. మబ్బు లేని ఆకాశం, పొడిగాలి, వేసవిలో 40 డిగ్రీలకు చేరే వేడి కలిసి నీటిని పీల్చివేస్తాయి.

ఆ నీటిలో ఉన్న ఉప్పు లీటరుకు సుమారు 340 గ్రాములు. మామూలు సముద్రంలో ఇది 35 గ్రాములు. రాయలసీమలో ఇంటింటికీ వచ్చే 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్‌ను మృత సముద్రం నీటితో నింపితే, నీటి బరువే 25 కిలోలకు దగ్గరగా ఉంటుంది. అందులో ఏడు కిలోల దాకా ఉప్పే. ఇంతకంటే ఉప్పని నీళ్ళు భూమి మీద లేకపోలేదు. అంటార్కిటికాలోని డాన్ హువాన్ మడుగులో ఉప్పు శాతం 40 దాటుతుంది. కానీ అది మోకాటి లోతు కూడా లేని గుంట. ఇంత లోతుగా, ఇంత విశాలంగా, మనుషులు వేల ఏళ్ళుగా ఒడ్డున కాపురముంటూ వాడుకున్న ఉప్పు సరస్సు మాత్రం మరొకటి కనిపించదు.

నీరు పోయి ఉప్పు మిగలడం రాయలసీమ రైతుకు కొత్త సంగతి కాదు. కాలువ కింద మురుగు పోయే దారిలేని మడిలో, ఫిబ్రవరి దాటాక తెల్లవారుజామున చూస్తే, నేల మీద పిండి చల్లినట్టు తెల్లని పొర ఉంటుంది. కాలి బొటనవేలితో గీస్తే అది పొరలుగా విరిగి, కింద నల్లని తడి మట్టి బయటపడుతుంది. మధ్యాహ్నానికి ఆ తడి కూడా పైకి లేచి ఆరిపోయి, గీత ఉన్నచోట మళ్ళీ తెలుపు ఎక్కుతుంది. దీనినే చౌడు, సవుడు అంటారు. సబ్బులు రాకముందు గుడ్డలు ఉడకబెట్టడానికి చాకలివారు వాడింది ఈ మట్టినే. ఉప్పు ఎక్కువగా ఉన్న చౌటి మట్టిని పోగుచేసి, గట్టుమీది గుంతలో నింపి, నీళ్ళు పోసి, కిందికి కారిన ఉప్పునీటిని గచ్చు చేసిన మళ్ళలో ఎండబెట్టి వంటకు ఉప్పు తీయడం ఉప్పర కులస్థుల వృత్తిగా ఉండేది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఈ జిల్లాల్లో ఒకప్పుడు పేదల కూటిలోకి వచ్చింది ఆ మట్టి ఉప్పే. ఉప్పు మీద పన్ను రాబడిని కాపాడుకోవడానికి ఆంగ్లేయుల ప్రభుత్వం ఆ వృత్తిని అణచివేసింది. మృత సముద్రపు దక్షిణ భాగంలో ఈనాడు పొటాష్ (ఎరువుల్లో వాడే పొటాషియం లవణం) కంపెనీలు చేస్తున్నది కూడా మూలంలో అదే పని: ఉప్పునీటిని విశాలమైన మళ్ళలోకి తోడి, ఎండకు ఎండబెట్టి, అడుగున పేరుకున్న దానిని తీసుకోవడం.

అయితే మృత సముద్రపు ఉప్పు వంటింటి ఉప్పు కాదు. ఆ సరస్సు విశేషమంతా ఇక్కడే ఉంది కాబట్టి ఈ తేడాను కొంత వివరంగా చూడాలి. సముద్రపు నీటిలో కరిగిన లవణాల్లో ముప్పాతిక భాగానికి పైగా సోడియం క్లోరైడ్, అంటే మనం తినే ఉప్పు. మృత సముద్రంలో అది మూడో వంతుకు మించదు. అక్కడ సగానికి దగ్గరగా ఉన్నది మెగ్నీషియం క్లోరైడ్. తరువాతి స్థానాల్లో కాల్షియం, పొటాషియం క్లోరైడ్‌లు ఉంటాయి. సముద్రంలో లీటరుకు 1.3 గ్రాముల మెగ్నీషియం ఉంటే అక్కడ 40 గ్రాములకు పైగా ఉంటుంది. బ్రోమైడ్ మామూలు సముద్రంలో కంటే ఎన్నో పదుల రెట్లు. అందుకే ఆ నీరు నాలుకకు తగిలితే ఉప్పదనం కంటే చేదు ముందు తెలుస్తుంది, చేతికి రాసుకుంటే నూనె రాసినట్టు జారుతుంది.

ఈ కూర్పు నది ఒక్కటే తెచ్చిపెట్టింది కాదు. లక్షల ఏళ్ళ క్రితం మధ్యధరా సముద్రపు నీరు ఈ లోయలోకి చొచ్చుకు వచ్చి, ఎండిపోతూ, గుట్టలుగా ఉప్పును వదిలింది. సరస్సు నైరుతి ఒడ్డున ఉన్న సొదొమ కొండ దాదాపు పది కిలోమీటర్ల పొడవున రాతి ఉప్పుతో ఏర్పడిన కొండ. అలా ఉప్పు పేరుకుపోయాక మిగిలిన చిక్కని చేదునీరు లోయ పక్కల్లోని సున్నపురాయిలోకి ఇంకింది. అక్కడ రాయికీ నీటికీ ఒక మార్పిడి జరిగింది. నీటిలోని మెగ్నీషియంలో కొంత రాయిలోకి వెళ్ళి దానిని డోలమైట్ అనే రాయిగా మార్చింది, రాయిలోని కాల్షియం నీటిలోకి వచ్చింది. మృత సముద్రంలో కాల్షియం క్లోరైడ్ ఇంత ఎక్కువగా ఉండటానికి భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఇది. కడప జిల్లావాసులకు ఈ రెండు రాళ్ళూ పరిచయమే. ఇళ్ళలో పరిచే కడప బండలు సున్నపురాయి, వేంపల్లె చుట్టుపక్కల శిలల్లో డోలమైట్ విస్తారంగా ఉంది.

ఆ నీటిలో మనిషి తేలడం అందరూ విన్న వింతే, దాని లెక్క కూడా సులభమే. మనిషి దేహం సాంద్రత దాదాపు మంచినీటికి సమానం. మృత సముద్రం నీరు లీటరు 1.24 కిలోలు తూగుతుంది. కాబట్టి దేహంలో ఐదింట నాలుగు వంతులు మునిగేసరికి పక్కకు తొలిగిన నీటి బరువు మనిషి బరువుకు సరిపోతుంది, మిగిలిన ఐదో వంతు నీటిపైనే ఉండిపోతుంది. గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి కోడిగుడ్డు వదిలితే అడుగుకు పోతుంది. చెంచా తరువాత చెంచా ఉప్పు వేసి కలుపుతూ పోతే, ముందు గుడ్డు ఒక కొసమీద నిలబడి అటూ ఇటూ ఊగుతుంది, తరువాత నెమ్మదిగా అడుగు వదిలి లేస్తుంది, ఆఖరుకు దాని మొన నీటిపైకి రూపాయి బిళ్ళంత కనిపిస్తుంది. మృత సముద్రంలో మనిషికి జరిగేది అదే. క్రీస్తుశకం 68లో రోమన్ సేనాని వెస్పాసియన్, ఈత రాని వారిని చేతులు వెనక్కి కట్టించి ఆ నీటిలోకి తోయించాడని, అందరూ తేలారని ఆ కాలపు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు.

తేలుతారు కాబట్టి మునగరు అనుకోవడం మాత్రం ప్రమాదం. ఆ నీటిలో కాళ్ళు పైకి లేచిపోతాయి, నిలబడటం కష్టమవుతుంది. బోర్లా తిరిగితే మళ్ళీ వెల్లకిలా తిరగడం బలహీనులకూ వృద్ధులకూ సాధ్యం కాకపోవచ్చు. మింగిన కొద్దిపాటి నీరు కూడా రక్తంలో మెగ్నీషియం, కాల్షియం మోతాదులను పెంచి గుండె లయను చెడగొట్టగలదు, ఊపిరితిత్తుల్లోకి పోతే వాపు తెస్తుంది. అక్కడి వైద్యులు ఇటువంటి కేసులను వైద్య పత్రికల్లో నమోదు చేశారు. అందుకే అక్కడ వెల్లకిలా తేలాలనీ, ఈత కొట్టవద్దనీ, పది పదిహేను నిమిషాలు మించి నీటిలో ఉండవద్దనీ చెబుతారు.

మృత సముద్రం అన్న పేరు పూర్తిగా నిజం కాదని తెలిసింది 1936లో. బెంజమిన్ ఎలజారి వోల్కానీ అనే సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుడు ఆ నీటిలో బతుకుతున్న సూక్ష్మజీవులను చూపించాడు. వాటిలో ఒకదానికి తరువాత ఆయన పేరే పెట్టారు. మామూలు ప్రాణి కణాన్ని అంత ఉప్పులో వేస్తే, ఊరగాయ జాడీలో మామిడి ముక్క ఊట వదిలినట్టు, లోపలి నీరంతా బయటికి లాగేసుకుంటుంది. ఉప్పును ప్రేమించే ఈ జీవులు తమ కణం లోపల కూడా పొటాషియం లవణాన్ని అంతే చిక్కగా నింపుకుని ఆ లాగుడును తట్టుకుంటాయి. 1991-92 చలికాలంలో అసాధారణంగా వానలు పడి సరస్సు పైపొర పలుచబడినప్పుడు, డునాలియెల్లా అనే నాచు, దానిని ఆధారం చేసుకుని ఈ సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి నీరు ఎర్రబారింది. 2020 జూన్‌లో మహారాష్ట్రలోని లోనార్ ఉల్కాగుండం నీరు గులాబీ రంగుకు మారినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. నీరు తగ్గి, ఉప్పు చిక్కబడి, ఇటువంటి జీవులే పెరగడం దానికి కారణమని పరీక్షల్లో తేలింది.

ఈ జీవులు మనిషి ఆరోగ్యానికి చేసిన మేలు స్నానాల ద్వారా వచ్చింది కాదు, ప్రయోగశాలలో వచ్చింది. కణంలో ప్రొటీన్లను తయారుచేసే రైబోజోమ్ నిర్మాణం తెలుసుకోవాలంటే దానిని స్ఫటికంగా మార్చాలి. మామూలు బ్యాక్టీరియా రైబోజోములు ఆ పనికి లొంగేవి కావు. ఉప్పు మడుగులో పుట్టి పెరిగిన జీవి రైబోజోము మరింత గట్టిదై ఉంటుందన్న ఆలోచనతో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞురాలు అదా యోనత్ మృత సముద్రపు సూక్ష్మజీవిని ఎంచుకున్నారు. 2000లో అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ స్టైట్జ్ బృందం రైబోజోము పెద్ద భాగం నిర్మాణాన్ని విప్పింది కూడా ఆ జీవి ఆధారంగానే. ఆ ఇద్దరికీ, తమిళనాడులోని చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కూ కలిపి 2009లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అనేక యాంటీబయాటిక్ మందులు బ్యాక్టీరియా రైబోజోము మీద ఎక్కడ పట్టుకుంటాయో స్పష్టంగా కనిపించింది ఈ పని వల్లే. మృత సముద్రం వైద్యానికి ఇచ్చిన వాటిలో ఇది అన్నిటికంటే పెద్దదని చెప్పడం అతిశయోక్తి కాదు, అయినా సబ్బుల అట్టపెట్టెల మీద దీని ఊసు ఎక్కడా ఉండదు.

ఇక ప్రజల్లో ప్రచారంలో ఉన్న వైద్యం సంగతి. దీనిలో గట్టిగా నిలిచినది ఒకటి ఉంది: సోరియాసిస్. చర్మం మీద ఎర్రని మచ్చలు లేచి, వాటిపై వెండి రంగు పొలుసులు రాలే ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పడం వల్ల చర్మ కణాలు వేగంగా పెరిగిపోవడం దీని మూలం. పూర్తిగా నయమయ్యే వ్యాధి కూడా కాదు, తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఊళ్ళో పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసినవారు, వేసవిలో కూడా నిండు చేతుల చొక్కా తొడుక్కునేవారు ఈ వ్యాధి ఉన్నవారిలో ఎందరో. ఇటువంటివారు నాలుగు వారాలు మృత సముద్రం ఒడ్డున ఉండి, రోజూ కొలత ప్రకారం ఎండలో పడుకుని, ఆ నీటిలో స్నానం చేస్తే మచ్చలు చాలామటుకు తగ్గిపోతున్నట్టు పలు అధ్యయనాలు చూపించాయి. జర్మనీ, డెన్మార్క్ దేశాల నుంచి రోగులను ఆరోగ్య బీమా ఖర్చుతో అక్కడికి పంపిన కాలం ఉంది.

అక్కడ తగ్గించేది నీరా, ఎండా? వైద్యుల సమాధానం ఎండకే ఎక్కువ మార్కులు వేస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో బి రకం చర్మకణాల అతిపెరుగుదలను అణచగలదు, కానీ అందులోనే పొట్టి తరంగాలు చర్మాన్ని కాల్చివేస్తాయి. మృత సముద్రం ఒడ్డుకు చేరేలోపు సూర్యకాంతి మామూలు తీరాల కంటే 430 మీటర్ల మందమైన గాలి పొరను అదనంగా దాటి రావాలి. దానికి తోడు ఆవిరి వల్ల సరస్సు మీద ఎప్పుడూ పలుచని మసక ఉంటుంది. ఈ రెండూ కలిసి కాల్చే తరంగాలను ఎక్కువగా, పనికొచ్చే వాటిని తక్కువగా వడకడతాయి. అందువల్ల రోగి చర్మం కమిలిపోకుండా ఎక్కువసేపు ఎండలో ఉండగలుగుతాడు. ఆ లోతూ ఆ మసకా లేనిచోట అదే పద్ధతి పాటించడం తగదు. అనంతపురంలో ఎండకు కొదవ లేదు కదా అని మిద్దె మీద పడుకుంటే వచ్చేది కమిలిన చర్మమే, పైగా కమిలినచోట సోరియాసిస్ కొత్తగా లేవవచ్చు. ఎండ మోతాదు పెరిగేకొద్దీ చర్మం ముడుతలు పడటం, కేన్సర్ ముప్పు పెరగడం అక్కడైనా ఉన్నవే కాబట్టి, అక్కడ కూడా నిమిషాల లెక్కన ఎండను కొలిచి ఇస్తారు.

ఈ వైద్యాన్ని సముద్రం దాటకుండానే పొందే మార్గం కూడా ఉంది. చర్మాన్ని కాల్చే తరంగాలు లేకుండా, 311 నానోమీటర్ల చుట్టూ ఉన్న సన్నని పట్టీ కిరణాలను మాత్రమే ఇచ్చే దీపాలు 1980 దశకంలో వాడుకలోకి వచ్చాయి. మందితో కిక్కిరిసిన మన పెద్దాసుపత్రుల చర్మ విభాగాల్లో, పెద్ద పట్టణాల్లోని చర్మ వైద్యుల దగ్గర ఫోటోథెరపీ పేరుతో ఇచ్చేది ఎక్కువగా ఈ చికిత్సే. జర్మనీలో ఉప్పునీటి స్నానాన్నీ ఈ కిరణాలనూ కలిపి ఇస్తారు. ఉత్త కిరణాల కంటే ఈ కలయిక కొంత మెరుగ్గా పనిచేస్తుందని పరీక్షల్లో కనిపించింది, అయితే ఆ పరీక్షల బలం అంత ఎక్కువ కాదు. మృత సముద్రంలో తగ్గిన మచ్చలు కూడా చాలామందిలో కొన్ని నెలలకు తిరిగి వస్తాయి. ఈ మాట చెప్పకుండా ఆ నీటి మహిమను చెప్పడం రోగులకు అన్యాయం.

నీటికి సొంతంగా ఉన్న గుణం తేలినది పొడి చర్మం విషయంలో. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, అలర్జీ స్వభావం వల్ల చర్మం పొడిబారినవారు ఒక ముంజేతిని మృత సముద్రపు ఉప్పు 5 శాతం కలిపిన నీటిలో, రెండో ముంజేతిని కుళాయి నీటిలో పదిహేనేసి నిమిషాలు ఉంచారు. ఆరు వారాల తరువాత చూస్తే, ఉప్పునీటిలో ఉంచిన చేతి చర్మం తేమను మెరుగ్గా పట్టి ఉంచుతోంది, ఎరుపూ గరుకుదనమూ తగ్గాయి. మనిషి ఒకడే, రెండు చేతులకూ పడిన ఎండా తిండీ ఒకటే కాబట్టి ఈ పోలికకు విలువ ఉంది. ఇందులో పనిచేసింది మెగ్నీషియం అని పరిశోధకుల అభిప్రాయం. బోరు నీటి కాఠిన్యానికి చర్మం తెల్లగా పొట్టు లేచే మన జిల్లాలవారికి ఇది ఆసక్తికరమైన సంగతే. కాకపోతే అది మెగ్నీషియం లవణం గుణం, తినే ఉప్పు గుణం కాదు. కల్లుప్పు వేసిన నీళ్ళలో స్నానం చేస్తే ఇదే ఫలితం వస్తుందని ఈ అధ్యయనం చెప్పలేదు.

కీళ్ళ నొప్పుల విషయంలో నల్లమట్టి పట్టీలు, వేడి ఉప్పునీటి స్నానాలు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు ఉపశమనం ఇచ్చినట్టు చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి. మట్టి వేడిని చాలాసేపు నిలుపుకుంటుంది, నీటిలో తేలే దేహపు బరువు కీళ్ళ మీద పడదు. మన ఇళ్ళలో ఉప్పు మూట వేడిచేసి మోకాళ్ళకు పెట్టే కాపడం చేసే పని కూడా కొంతవరకు ఇదే. అరిగిన కీలు దీనితో తిరిగి మొలవదు. లోతు వల్ల అక్కడ గాలి పీడనం సుమారు 5 శాతం ఎక్కువ, అంటే ప్రతి శ్వాసలో ఆక్సిజన్ ఆమేరకు ఎక్కువ. ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన కొందరికి దీనివల్ల నడక సులువైనట్టు గమనించారు, కొండ దిగినవాడికి ఆయాసం తగ్గడం లాంటిదే ఇది. తిరిగి పైకి వస్తే ఆ మేలు ఉండదు. గాలిలోని బ్రోమైడ్ మనసుకు ప్రశాంతత ఇస్తుందన్న ప్రచారానికి మాత్రం తగిన రుజువు లేదు.

పట్టణాల్లోని పెద్ద దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ మృత సముద్రం పేరుతో ఉప్పు పొట్లాలు, మట్టి పూతలు, సబ్బులు దొరుకుతున్నాయి. వాటిని సౌందర్య సామగ్రిగా కొనుక్కోవడంలో తప్పు లేదు. మందుగా కొనేవారు మాత్రం, అక్కడ రోగికి దొరికేది పొట్లంలోని ఉప్పు ఒక్కటే కాదని గుర్తుపెట్టుకోవాలి. నాలుగు వారాల విశ్రాంతి, వడకట్టిన ఎండ, రోజూ చూసే వైద్యుడు, తనలాంటి మచ్చలే ఉన్న పదిమంది మధ్య సిగ్గుపడకుండా చొక్కా విప్పగలగడం, వీటిలో ఏదీ పొట్లంలో రాదు. ఆ ఉప్పును వంటలో వాడకూడదు. పుండ్లు, పగుళ్ళు ఉన్నచోట అది భరించలేనంత మండుతుంది, కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళతో కడగాలి. మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా ఇటువంటి స్నానాలకు పూనుకోకూడదు. వాడుతున్న సోరియాసిస్ మందులను ఉప్పును నమ్ముకుని ఆపేయడం అన్నిటికంటే పెద్ద తప్పు, హఠాత్తుగా ఆపితే వ్యాధి ఒళ్ళంతా విజృంభించే మందులు వాటిలో ఉన్నాయి.

ఇంత పేరున్న సరస్సు ఇప్పుడు ఏడాదికి మీటరుకు పైగా దిగిపోతోంది. కారణం ఎండ పెరగడం కంటే నీటి రాక తగ్గడమే. ఒకప్పుడు జోర్డాన్ నది ఏటా సుమారు 130 కోట్ల ఘనపు మీటర్ల నీరు తెచ్చేది. మన లెక్కలో అది 46 టీఎంసీలు, కర్నూలు-కడప (కె.సి.) కాలువకు కేటాయించిన 39.9 టీఎంసీల కంటే కాస్త ఎక్కువ. 1964లో ఇజ్రాయెల్ గలిలీ సరస్సు నీటిని దేశమంతటికీ తరలించే కాలువను పూర్తిచేసింది. జోర్డాన్, సిరియాలు ఉపనది యార్మూక్ నీటిని పొలాలకు మళ్ళించాయి. ఇప్పుడు సరస్సుకు చేరేది ఆనాటి దానిలో పదో వంతని అంచనా. పొటాష్ మళ్ళు తోడుకునే నీరు దీనికి అదనం. ఎగువన ఆనకట్టలు లేచిన తరువాత పెన్నానది అనంతపురం, కడప జిల్లాల్లో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేటగా ఎలా మిగిలిందో చూసినవారికి ఇది వేరే దేశపు కథలా అనిపించదు. నీటిని మళ్ళించుకున్నవారు కూడా తాగడానికీ పండించుకోవడానికే మళ్ళించుకున్నారు కాబట్టి ఎవరినో ఒకరిని దోషిగా నిలబెట్టడం తేలిక కాదు.

పైపొరలో చేరే మంచినీరు తగ్గడంతో సరస్సు లోపలి అమరిక కూడా మారింది. అంతకుముందు వందల ఏళ్ళుగా తేలికైన నీరు పైనా, బరువైన పాత ఉప్పునీరు కిందా కలవకుండా ఉండేవి. పైపొర ఉప్పెక్కి బరువెక్కి, 1979లో రెండూ కలిసిపోయాయి. ఆ తరువాత నుంచి ఉప్పు ఇక కరగలేక అడుగున పేరుకుంటోంది, కొన్నిచోట్ల ఏడాదికి సుమారు 10 సెంటీమీటర్ల దాకా. వేసవిలో పైనున్న వెచ్చని పొర నుంచి సన్నని ఉప్పు పలుకులు మంచు రాలినట్టు నీటిలో నుంచే కిందికి రాలుతుంటాయి.

ఒడ్డున జరిగేది ఇంతకంటే భయంకరం. సరస్సు వెనక్కి పోయినకొద్దీ, గట్టు కింద ఇదివరకు ఉప్పునీరు ఉన్నచోటికి కొండల నుంచి మంచినీరు ఊరి వస్తోంది. ఆ నీరు భూమిలో పూడి ఉన్న ఉప్పు పొరను కరిగించి బోలు చేస్తుంది, ఒకనాడు పైకప్పు కూలి నేల గుండ్రంగా దిగబడుతుంది. 1980 దశకం నుంచి ఇటువంటి గుంతలు వేలల్లో ఏర్పడి రోడ్లనూ ఖర్జూర తోటలనూ మింగాయి, ఐన్ గెదీ దగ్గర స్నానతీరం మూతపడింది. 2015 చివరి వానల్లో కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో ఉన్నట్టుండి గుండ్రని గుంతలు పడినప్పుడు జనం ఎంత హడలిపోయారో అక్కడివారు మరచి ఉండరు. కడపలో కరిగేది సున్నపురాయి, మృత సముద్రం ఒడ్డున కరిగేది ఉప్పు. ఉప్పు ఎన్నో రెట్లు వేగంగా కరుగుతుంది కాబట్టి అక్కడ గుంతలు ఆగడం లేదు.

ఎర్ర సముద్రం నుంచి నీరు తెచ్చి సరస్సును నింపే పథకానికి 2013 డిసెంబరులో ఇజ్రాయెల్, జోర్డాన్, పాలస్తీనా ప్రతినిధులు ఒప్పందం చేసుకున్నారు. 2021లో జోర్డాన్ దానిని వదిలేసింది. ఆ పథకం మీద శాస్త్రజ్ఞులకు మొదటి నుంచీ అనుమానాలు ఉన్నాయి. ఎర్ర సముద్రపు నీటిలో సల్ఫేటు ఎక్కువ, మృత సముద్రంలో కాల్షియం ఎక్కువ. రెండూ కలిస్తే జిప్సం ఏర్పడి నీరు పాలలా తెల్లబారవచ్చు, పైపొర పలుచబడితే నాచు పెరిగి ఎర్రబారవచ్చు. ఏ కూర్పు వల్ల ఆ నీటికి వైద్యపు పేరు వచ్చిందో ఆ కూర్పే మారిపోయే ప్రమాదం అందులో ఉంది.

నీరు అసలే రాకపోయినా ఈ సరస్సు పూర్తిగా ఎండిపోదని లెక్కలు చెబుతున్నాయి. దానికి కారణం వంటింట్లోనే కనిపిస్తుంది. తుంపర పట్టిన రోజున కల్లుప్పు జాడీ మూత తీస్తే ఉప్పు చెమర్చి ఉంటుంది, జాడీ అడుగున చెంచాడు నీరు చేరి ఉంటుంది. ఉప్పులో కొద్దిగా కలిసి ఉన్న మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తడిని లాక్కోవడం వల్ల అలా అవుతుంది. మృత సముద్రంలో సోడియం ఉప్పు అడుగుకు పోయినకొద్దీ మిగిలే నీటిలో ఈ మెగ్నీషియం వాటా పెరుగుతుంది, అది నీటిని అంత తేలికగా వదలదు. ఆవిరయ్యే వేగం ఏటికేడు తగ్గి, ఇంకో వంద మీటర్లకు పైగా దిగిన తరువాత, కొన్ని వందల ఏళ్ళకు, గాలి తీసుకునే నీరూ లోయలోకి వచ్చే కొద్దిపాటి నీరూ సమానమవుతాయి. అప్పటికి సరస్సు ఇప్పటి దానిలో కొంత భాగమే మిగులుతుంది, ఆ మిగిలిన నీరు ఇప్పటికంటే చేదుగా, మరింత జిడ్డుగా ఉంటుంది.